కరువు దాచిన ఇంజిన్లు

కాకినాడలోనో బందరులోనో ఇరవై ఏళ్లు కొట్టంలో పడి ఉన్న మోటార్‌సైకిల్‌ను బయటికి లాగితే సగం బండి చేతికొస్తుంది, సగం తుప్పై నేల మీద రాలుతుంది. అదే బండి కళ్యాణదుర్గం దగ్గరో, ఉరవకొండ పక్క పల్లెలోనో దొరికితే దుమ్ము దులపగానే ట్యాంకు మీద పాత రంగు మెరుస్తుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం నేల ఇది, ఆ సగటు కూడా అందని ఏళ్లే ఎక్కువ గుర్తుంటాయి జనానికి. వేరుశనగను ఎండగట్టిన గాలే ఇనుమును కాపాడింది. రైతు దగ్గర ఈ మాట అంటే బాగుండదు గానీ, పాత బండ్ల పిచ్చి ఉన్నవాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు.

కొత్తది ఏమిటంటే, ఆ బండ్లను మెకానిక్ షెడ్డుకు తోలకుండా సొంత వరండాలో విప్పుకునే కుర్రాళ్లు పెరగడం. ఉద్యోగం బెంగళూరులో, శని ఆదివారాలు ఊళ్లో, మధ్యలో తాత నడిపిన బండి. వాళ్లకు డబ్బు సమస్య కాదు. ఓపిక సమస్య. పాత ఇంజిన్ ముసలితనంతో పోవడం కంటే, కొత్త యజమాని తొందర వల్ల పోవడమే ఎక్కువ. అదీ మొదటి అయిదు నిమిషాల్లో.

మైసూరు పక్కింటి బండి

మన వైపు కొట్టాల్లో దొరికే పాత బండ్లలో జావా, యెజ్డీలకు తిరుగులేదు. చెకోస్లొవేకియా జావా కంపెనీ లైసెన్సుతో రుస్తుం ఇరానీ, ఫరోఖ్ ఇరానీలు మైసూరు యాదవగిరిలో పెట్టిన ఐడియల్ జావా ఫ్యాక్టరీ నుంచి 1961లో ఈ బండ్లు రావడం మొదలైంది. డెబ్భైలలో పేరు యెజ్డీగా మారింది. 1978లో రోడ్‌కింగ్ వచ్చింది. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. హిందూపురం, మడకశిర, రాయదుర్గం వాళ్లకు పెళ్లి బట్టల నుంచి పెద్దాసుపత్రి దాకా కర్ణాటకే దగ్గర. మైసూరు బండి ఇక్కడికి చేరడం వింతేమీ కాదు.

మిగతావీ ఉన్నాయి. పోలండ్ బండి నమూనాతో ఎస్కార్ట్స్ వాళ్లు చేసిన రాజ్‌దూత్ పాల క్యాన్లు మోసీ మోసీ అరిగింది. మద్రాసు తిరువొత్తియూరు బుల్లెట్ ఊరి పెద్దల బండి. దానిలోనే డీజిల్ రకం ఒకటి వచ్చింది, 325 సీసీది. దాని చప్పుడుకు బావి దగ్గర ఆయిల్ ఇంజిన్ గుర్తొచ్చేది. ఇక మన రాయలసీమ బండి అంటే సువేగా. తిరుపతిలో మోపెడ్స్ ఇండియా కంపెనీ, ఫ్రాన్సు మోటోబెకాన్ సాయంతో చేసిన ఈ చిన్న మోపెడ్‌ను ఇప్పుడు ఎవరూ లెక్కలోకి తీసుకోరు. చేతికి పని నేర్పడానికి దాన్ని మించిన ఇంజిన్ లేదని నా అభిప్రాయం. చెడగొట్టినా గుండె ఆగిపోదు.

అయితే సువేగా కోసం ఎవరూ వరండా ఖాళీ చేయరు కాబట్టి యెజ్డీ గురించే మాట్లాడుకుందాం. మొదటిసారి చేసేవాళ్లకు అది నప్పే ఇంజిన్. ఒకే సిలిండర్, 248.5 సీసీ, 65 మిల్లీమీటర్ల బోరు, 75 మిల్లీమీటర్ల స్ట్రోకు. సైలెన్సర్లు రెండు ఉన్నాయి కదా అని సిలిండర్లు రెండనుకుంటారు కొందరు. ఒకే సిలిండర్‌లోంచి పొగ రెండు దార్లలో పోతుంది, అంతే. టూ స్ట్రోక్ కాబట్టి వాల్వులు లేవు, క్యామ్ లేదు, వాటిని నడిపే గొలుసు లేదు. పిస్టన్ పైకీ కిందికీ పోతూ గోడల్లోని కంతలను మూస్తూ తెరుస్తూ ఉంటుంది, అదే దాని ఊపిరి. బుల్లెట్ హెడ్ విప్పితే వాల్వులు, సీట్లు, గైడ్లు అంటూ లెక్క చాలా దూరం పోతుంది. దీని హెడ్ విప్పితే కనిపించేది ఒక గిన్నె, ఒక ప్లగ్గు కంత.

తన్నొద్దు

బండి ఇంటికి రాగానే ప్రతివాడి కాలూ కిక్ మీదికే పోతుంది. జావాలో ఆ కిక్ రాడ్డే గేర్ రాడ్డు కూడా. ఎడమ పక్క ఉన్న ఆ ఒక్క రాడ్డును లోపలికి నొక్కి తిప్పితే కిక్, కిందికి దించితే గేరు. చూసినవాళ్లందరికీ ఒకసారి తన్ని చూడాలనిపిస్తుంది. ‘ఏమప్పా, దాన్ని తన్నమని ఎవరు చెప్పినారు నీకు’ అని పాత మెకానిక్కులు కసురుకునేది ఇందుకే. ఏళ్ల తరబడి కదలని పిస్టన్ రింగులు బోరు గోడకు పట్టుకుని ఉంటాయి. బలంగా తంతే రింగు విరుగుతుంది, విరిగిన ముక్క ఎగ్జాస్ట్ కంత అంచున చిక్కి బోరును చెక్కేస్తుంది. అప్పటిదాకా వంద రూపాయల నూనెతో పోయే పని, ఆ ఒక్క తన్నుతో లేతు షాపు మెట్లెక్కుతుంది.

చేయాల్సింది ఇంతే. ప్లగ్గు ఊడదీసి, ఆ కంతలోంచి డీజిల్, పలుచటి ఇంజినాయిలు కలిపి ఒక టీ గ్లాసుడు పోయండి. కంతలో గుడ్డ కుక్కి వదిలేయండి. రెండు రోజుల తర్వాత కొంచెం పోయండి. వారం పట్టినా ఫర్వాలేదు. తర్వాత కిక్ జోలికి పోకుండా బండిని టాప్ గేర్లో వేసి, వెనక చక్రాన్ని చేత్తో అటూ ఇటూ నెమ్మదిగా ఆడించండి. ఆ ఊపు చిన్నది, రింగుకు నొప్పి తెలియదు. ఒక వెంట్రుకవాసి కదిలిందంటే మిగతాది తానే వస్తుంది. పోసిన నూనె క్రాంక్‌కేసులోకి దిగి ఉంటుంది కనుక ఆ తర్వాత బండిని స్టార్ట్ చేయాలని చూడకండి. ఎలాగూ విప్పాల్సిందే.

ఎందుకు విప్పాల్సిందే? పిస్టన్ కదిలింది, బోరు నునుపుగా ఉంది, ఇంకేం కావాలి అంటారు. ఇక్కడే అనంతపురం ఎండ లెక్క తిరగబడుతుంది. వాన లేకపోవడం ఇనుముకు మేలు చేసిందేమో గానీ ఎండ రబ్బరును చంపింది. టూ స్ట్రోక్ ఇంజిన్‌లో క్రాంక్‌కేసు గాలి చొరబడని పెట్టె. పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం ముందు అందులోకే వచ్చి, అక్కడ నొక్కుడు పడి పైకి పోతుంది. ఆ పెట్టెను రెండు పక్కలా కాపాడేవి రెండు ఆయిల్ సీళ్లు. డైనమో వైపు సీలు గట్టిపడి ఎండిపోతే లోపలికి ఉత్త గాలి వస్తుంది. మిశ్రమం పలచనై ఇంజిన్ తనంతట తానే అరుస్తుంది, వేడెక్కుతుంది, ఎక్కడో నడిరోడ్డు మీద పిస్టన్ కరుచుకుంటుంది. క్లచ్ వైపు సీలు పోతే గేరు బాక్సు నూనెను క్రాంక్ పీల్చుకుని తాగుతుంది. వీధంతా తెల్లటి పొగ. బండి చూడ్డానికి ఎంత బాగున్నా సరే, ఈ రెండు సీళ్లు మార్చకుండా రోడ్డెక్కించకూడదు.

ఆషాఢం గాలిలో మాత్రం కాదు

విప్పడానికి చోటు, కాలం రెండూ చూసుకోవాలి. రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది ఊరికే కాదు. ఆషాఢంలో ఈ పీఠభూమి మీద గాలి పగలూ రాత్రీ ఆగదు. కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు వేదవతి ఒడ్డున ఇసుక దిబ్బలనే నడిపిస్తుంది ఆ గాలి. దానిలో ఎర్రమట్టి ఉంటుంది, ఆ మట్టిలో సన్నటి ఇసుక ఉంటుంది. నూనె తడి ఉన్న బేరింగు మీద అది పడిందంటే బేరింగును అరగదీసే ముద్ద తయారైనట్టే. తలుపులు మూసే గది ఉండాలి, నేల మీద తడిగుడ్డ పెట్టి ఉండాలి, విప్పిన ప్రతి భాగానికీ మూత ఉన్న డబ్బా ఉండాలి. వంటింటి పాత స్టీలు డబ్బాలకు ఇంత మంచి వాడకం ఉంటుందని ఇంట్లోవాళ్లు ఒప్పుకోరు, అది వేరే గొడవ.

గుత్తి డీజిల్ షెడ్డులో రైలింజిన్లను విప్పి బిగించిన చేతులున్న జిల్లా ఇది. అలాంటి పెద్దాయన మీ వీధిలో ఉంటే టీ తాగించి పక్కన కూర్చోబెట్టుకోండి. ఆయన యెజ్డీ ఎప్పుడూ విప్పి ఉండకపోవచ్చు. కానీ విప్పిన వరసలో పేర్చడం, ఏ వాషర్ ఏ వైపు ఉందో రాసి పెట్టుకోవడం, నట్టు రాకపోతే పానా మార్చాలి తప్ప బలం పెంచకూడదన్న తెలివి, ఇవి ఏ ఇంజిన్‌కైనా ఒకటే. ఇప్పుడు ఫోన్లున్నాయి, ప్రతి అడుగుకూ ఫొటో తీసుకోవచ్చు. అయినా కాగితం మీద బొమ్మ గీసుకున్నవాడికి బిగించేటప్పుడు తడుముకోవడం తక్కువ.

సామాన్ల సంగతి. రంగుకూ క్రోమ్‌కూ డబ్బు దాచుకుని, పుల్లర్ల దగ్గర పిసినారితనం చూపిస్తారు చాలామంది. డైనమో ఆర్మేచర్, క్లచ్ హబ్ వాటి పుల్లరుతోనే రావాలి. స్క్రూడ్రైవర్ పెట్టి తన్నితే క్రాంక్ కొస వంగుతుంది. క్రాంక్‌కేసు రెండు చెక్కల మధ్య స్క్రూడ్రైవర్ దూర్చడమూ అంతే పాపం. అల్యూమినియం మెత్తన, గీత పడుతుంది, ఆ గీతలోంచి జీవితాంతం గాలి పోతుంది. కేసును వేడి గాలి మిషన్‌తో చెయ్యి పెట్టలేనంత వేడి చేస్తే అల్యూమినియం ఉక్కు కంటే ఎక్కువ సాగి బేరింగును వదిలేస్తుంది. అప్పుడు మెత్తటి చెక్క సుత్తితో రెండు తట్లు చాలు. పెట్రోలుతో కడిగిన భాగాల దగ్గర ఈ మిషన్ వద్దు. కడగడానికి డీజిల్ వాడండి. పాత క్లచ్ ప్లేట్ల మీద, బ్రేక్ షూల మీద ఉన్న పొడిని నోటితో ఊదొద్దు. ఆ కాలం సామాన్లలో ఆస్బెస్టాస్ ఉండేది.

పిస్టన్ దగ్గర కాసేపు

సిలిండర్ పైకి లేపేటప్పుడు నాలుగు వేళ్ల ఎత్తు లేవగానే ఆపండి. కింద క్రాంక్‌కేసు నోరు కనిపిస్తుంది కదా, అక్కడ శుభ్రమైన నూలు గుడ్డ కుక్కండి. ఆ తర్వాతే సిలిండర్ పూర్తిగా తీయాలి. పిస్టన్ పిన్నుకు రెండు పక్కలా చిన్న తీగ లాకులుంటాయి. సన్న ముక్కు కటింగ్ ప్లేయరుతో పట్టుకోగానే అవి ఎగురుతాయి. గుడ్డ లేకపోతే సరిగ్గా ఆ నోట్లోకే ఎగురుతాయి. ఎందుకో తెలియదు గానీ ఇంకెక్కడికీ ఎగరవు. ఒకసారి తీసిన లాకును మళ్లీ వాడకూడదు, కొత్తది పైసల్లో దొరుకుతుంది.

పిన్ను రాకపోతే సుత్తి వైపు చూడొద్దు. ఆ దెబ్బ పిన్నుకు కాదు, కనెక్టింగ్ రాడ్డుకు తగులుతుంది. మరిగే నీళ్లలో ముంచిన గుడ్డను పిస్టన్‌కు చుట్టి రెండు నిమిషాలు ఉంచితే పిన్ను బొటనవేలి ఒత్తిడికే జారి వస్తుంది. పిస్టన్ తల మీద బాణం గుర్తు ఉందేమో చూసి, ఏ వైపు తిరిగి ఉందో రాసుకోవాలి.

ఇప్పుడు పిస్టన్‌ను వెలుతురులో తిప్పి చూడండి. పక్కల మీద నిలువు గీతలు మెరుస్తుంటే ఎప్పుడో ఒకసారి పట్టేసిందని అర్థం. రింగుల కింద గోధుమరంగు మరక కిందిదాకా ఉంటే రింగులు గాలిని ఆపడం లేదని అర్థం. రింగుల గాడిలో మసి రాయిలా గట్టిపడి ఉంటుంది. దాన్ని తీయడానికి లోకంలో ఏ పనిముట్టూ కొనక్కర్లేదు. విరిగిన పాత రింగు ముక్క తీసుకుని దాని కొసను చదునుగా అరగదీస్తే, సరిగ్గా ఆ గాడి వెడల్పుకే సరిపోయే గోకుడు పుల్ల తయారు. గాడి అంచుకు గీత పడకుండా మసి మాత్రమే ఒలిచి వస్తుంది. ఎగ్జాస్ట్ కంతల్లోని మసికి వెదురు పుల్ల వాడాలి, ఇనుము తగలకూడదు.

బోరు పైభాగంలో గోరు పెట్టి పైకి లాగండి. రింగు తిరిగే చోటు ముగిసే దగ్గర గోరు మెట్టుకు తగిలి ఆగితే బోరు అరిగింది. గోటికి తగిలింది కంటికి కనిపించకపోవచ్చు. కొత్త రింగును బోరులోకి చదునుగా దూర్చి, రెండు కొసల మధ్య సందులో ఫీలర్ గేజ్ పెట్టి చూస్తే లెక్క తేలుతుంది. ఈ సైజు బోరుకు 0.2, 0.3 మిల్లీమీటర్ల మధ్య ఉంటే మేలు. కొత్త రింగుకే సందు మరీ ఎక్కువగా ఉంటే రింగుల మీద డబ్బు దండగ, బోరింగ్ చేయించాలి.

ఇది ఇంటి పని కాదు. సిలిండర్ పోత ఇనుముది, దాన్ని ఇప్పటికి ఎన్నిసార్లు బోరు చేశారో ముందు తెలుసుకోవాలి. పాత పిస్టన్ తల మీద 0.25, 0.50 అని ఓవర్‌సైజు అంకె ముద్ర వేసి ఉంటుంది. ముందు పిస్టన్ కొని, దాన్ని చేత్తో పట్టుకుని లేతు షాపుకు పోవాలి. ‘సైజు ఇదీ’ అని నోటితో చెప్పి సిలిండర్ ఇచ్చి రావడం వద్దు, పిస్టన్‌ను కొలిచి దానికి తగ్గట్టు బోరు చేయడమే పద్ధతి. ట్రాక్టర్ల, బావి ఇంజిన్ల బోర్లు చేసే షాపులకు మన పట్టణాల్లో కొదవ లేదు. పోత ఇనుము వాళ్లకు అలవాటైన లోహం. కానీ టూ స్ట్రోక్ బోరుకు ఇంకో మర్యాద ఉంది. బోరింగ్, హోనింగ్ అయ్యాక కంతల అంచులు కత్తిలా నిలుస్తాయి. వాటిని సన్నటి ఎమెరీ కాగితంతో కొంచెం మొద్దుచేయాలి, లేకపోతే కొత్త రింగులు ఆ అంచులకే తగిలి విరుగుతాయి. అడిగి చేయించుకోండి, లేదా ఇంటికి తెచ్చుకుని మీరే చేసుకోండి. తర్వాత సబ్బు నీళ్లతో, తెల్లగుడ్డ తెల్లగా వచ్చేదాకా కడిగి వెంటనే నూనె రాయండి.

క్రాంక్ కూడా అంతే. కనెక్టింగ్ రాడ్డును నిటారుగా పట్టుకుని పైకీ కిందికీ లాగితే కొంచెమైనా ఆట ఉండకూడదు. పక్కకు కాస్త కదిలితే అది సహజం, భయపడొద్దు. పైకీ కిందికీ ‘టక్’ మంటే లోపలి రోలర్లు అరిగాయి. చక్రాలను ప్రెస్సులో విడగొట్టి, కొత్త పిన్ను, రోలర్లు వేసి, మళ్లీ వంకర లేకుండా నిలబెట్టాలి. యూట్యూబులో సుత్తితో చేసేవాళ్లు కనిపిస్తారు. చూడండి, నేర్చుకోవద్దు.

హెడ్ చదునుగా ఉందో లేదో చూడడానికి నున్నటి తాడిపత్రి బండ ఉందిగా అనుకోకండి. దాని నునుపు కాలికి, చదును కొలతకు చాలదు. మందపాటి అద్దం ముక్క మీద సన్న ఎమెరీ పరిచి, హెడ్‌ను ఎనిమిది ఆకారంలో నెమ్మదిగా తిప్పితే ఎక్కడ పల్లం ఉందో అక్కడ మెరుపు రాదు.

ఆరు వోల్టులు

కరెంటు పనికి జడిసేవాళ్లే ఎక్కువ. నిజానికి ఈ బండిలో తేలికైనది అదే. పాత మోడళ్లలో ఆరు వోల్టుల డైనమో, పాయింట్లు, కండెన్సర్, కాయిలు, అంతే. పాయింట్లు పూర్తిగా తెరుచుకున్నప్పుడు సందు 0.4 మిల్లీమీటర్లు. పిస్టన్ పైకొస చేరడానికి ఇంకా మూడు మిల్లీమీటర్ల పైచిలుకు దూరం ఉండగానే అవి తెరుచుకోవడం మొదలవ్వాలి. అసలు కొలత మీ మోడల్ మాన్యువల్‌లో చూసుకోవాలి. ప్లగ్గు కంతలోంచి లోతు కొలిచే గేజి, పాయింట్లకు ఒక చిన్న బల్బు తగిలిస్తే చాలు, బల్బు చెప్పేస్తుంది. సగం మంది ‘ఇంజిన్ ఓవరాయిల్ చేసినా పికప్ లేదు’ అని ఏడ్చేది ఈ కొలత తప్పడం వల్లే. కార్బొరేటర్ జెట్లను తీగతో పొడవకండి, కంత పెద్దదవుతుంది. ద్రావకంలో నానబెట్టి గాలి కొట్టించండి.

సామాన్లకు బెంగళూరు జేసీ రోడ్డు, చెన్నై పుదుపేట, సికింద్రాబాద్ రాణీగంజ్ ఉన్నాయి. పేపర్ ప్యాకింగులు, లాకులు, సీళ్లు, బేరింగులు కొత్తవి కొనండి. గేరు పళ్లు, కేసులు, కిక్ షాఫ్టు లాంటివి పాతవే మేలు, అప్పటి ఉక్కు అరిగినా కొత్తగా చేసిన చాలా నకిలీల కంటే నిలుస్తుంది. బేరింగులు ఆటో స్పేర్ల షాపులోనే కొనాలని లేదు, దాని పక్క మీద ఉన్న నంబరు రాసుకుని బేరింగుల దుకాణంలో పేరున్న కంపెనీది అడగండి.

ఒక్క హెచ్చరిక. కేసులను అద్దంలా మెరిపించడానికి బఫింగ్‌కు ఇచ్చే ముందు ఇంజిన్ నంబరు మీద టేపు అంటించండి. ఆ అంకెలు అరిగిపోతే బండికి పుట్టుక రుజువు లేదు, ఆర్టీవో ఆఫీసు మెట్ల మీద మీకు కుర్చీ వేసుకోవాల్సి వస్తుంది. నన్నడిగితే అసలు బఫింగే వద్దు. యెజ్డీ కేసు వచ్చినప్పుడు అంత మెరిసేది కాదు.

కాగితాలూ ఇంజిన్‌తో పాటే చూసుకోవాల్సినవి. రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు దాటితే అయిదేళ్లకోసారి పునరుద్ధరించాలి. తాత పేరున ఉన్న బండి అయితే వారసుల సంతకాలతో ముందు పేరు మార్పించుకోవాలి. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధన ప్రకారం యాభై ఏళ్లు దాటి, మూలరూపంలో ఉన్న బండ్లను వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు. అలా చేస్తే రోజూ తిప్పుకోవడానికి కుదరదు, ప్రదర్శనలకు, ర్యాలీలకే. సంతకు పోవడానికి బండి కావాలంటే ఆ నమోదు జోలికి పోకండి. అనంతపురం వీధుల్లో రోజూ తిరిగే సరదా దానికి ఉండదు.

పొగ వచ్చాక

పెట్రోలు మారిపోయిందని గుర్తుంచుకోండి. ఇప్పుడు బంకుల్లో పోసేదానిలో ఇరవై శాతం ఇథనాల్. అది నీళ్లు పీల్చుకుంటుంది, పాత రబ్బరు గొట్టాలను, ప్యాకింగులను మెత్తబరుస్తుంది. గొట్టాలు కొత్తరకం కొనండి, బండి నెలల తరబడి ఆపేటప్పుడు కార్బొరేటర్ ఖాళీ చేసి పెట్టండి.

మొదటి ట్యాంకుకు లీటరుకు 50 మిల్లీలీటర్ల టూటీ ఆయిలు. వేరే పాత్రలో కలిపి, కుదిపి, అప్పుడు పోయాలి. ట్యాంకులో నేరుగా ఆయిలు పోస్తే అది అడుక్కు చేరి ముందు దానితోనే ఇంజిన్ ప్లగ్గు తడుస్తుంది. మొదటి కిక్కుల్లో స్టార్ట్ కాకపోతే ప్లగ్గు తీసి చూడండి. తడిగా ఉంటే పెట్రోలు వస్తోంది, నిప్పు లేదు. పొడిగా ఉంటే నిప్పు సంగతి తర్వాత, ముందు పెట్రోలు చూడాలి. ఈ రెండింటిలో ఏదో తేలకుండా ఇంకేదీ విప్పొద్దు. అంటుకున్నాక తెల్లపొగ దట్టంగా వస్తుంది. బిగించేటప్పుడు రాసిన నూనె కాలుతోంది అది, పది నిమిషాల్లో పలచబడుతుంది. అరగంట తర్వాత కూడా తగ్గకపోతే క్లచ్ వైపు సీలు చూడాలి.

మొదటి అయిదు వందల కిలోమీటర్లు పొద్దున ఎనిమిది లోపే నడపండి. వేసవిలో ఇక్కడ నలభై డిగ్రీలు దాటే ఎండలో గాలితోనే చల్లబడే కొత్త బోరును తోలడం దాన్ని శిక్షించడమే. కదిరి ఘాట్లు ఇప్పుడే వద్దు, ఉరవకొండ వైపు చదునైన రోడ్డు చాలు. ఒకే వేగంతో చాలాసేపు పోకుండా యాక్సిలేటర్ పెంచుతూ తగ్గిస్తూ ఉండాలి. దిగుడులో పూర్తిగా వదిలేస్తే పెట్రోలుతో పాటు ఆయిలూ ఆగిపోతుంది, అందుకని మధ్యమధ్యలో కాస్త తెరవండి. ఇంటికొచ్చాక రాత్రంతా చల్లారనిచ్చి, మర్నాడు హెడ్ నట్లను ఎదురెదురు మూలల వరసలో ఇంకోసారి బిగించండి. ఆ అయిదు వందలూ పూర్తయ్యాక లీటరుకు 40 మిల్లీలీటర్లకు దిగవచ్చు.